చల్లగదిలో జీడిపప్పు ఎందుకు మెత్తబడదు?

జీడిపప్పు గురించి పలాసవాళ్ళకు ఇంకొకరు చెప్పేదేమీ ఉండదు. అయినా ఒక చిన్న పరీక్ష చేసి చూడొచ్చు. అక్టోబరులో ముసురు పట్టిన రోజున, వజ్రపుకొత్తూరు వైపు ఏ ఇంట్లోనైనా, వేయించిన పప్పు గుప్పెడు పళ్ళెంలో పోసి మూత పెట్టకుండా రాత్రంతా వదిలేయండి. తెల్లారి నోట్లో వేసుకుంటే కరకర పోయి, పంటి కింద మెత్తగా నలుగుతుంది. అదే పప్పును విశాఖ బీచ్ రోడ్డులోని ఏ పెద్ద హోటల్ గదిలోనో టీపాయ్ మీద వదిలేసి పడుకోండి. పొద్దున్నకి కూడా కరకరలాడుతూనే ఉంటుంది. అక్కడా సముద్రం రోడ్డు దాటితే వచ్చేస్తుంది. కిటికీ అవతల గాలిలో ఉప్పూ ఉంది, చెమ్మా ఉంది. గదిలో మాత్రం లేదు.

పెళ్ళిరోజనో, పిల్లల పరీక్షలు అయిపోయాయనో పలాసలోనో టెక్కలిలోనో శనివారం బయల్దేరి, ఒకటి రెండు రాత్రులు ఆ బీచ్ రోడ్డు హోటళ్ళలో గడిపి వచ్చే కుటుంబాలు ఇప్పుడు కొత్తేమీ కాదు. నొవోటెల్, ది పార్క్ లాంటి పేర్లు ఇక్కడి శుభలేఖల్లో కూడా కనిపిస్తున్నాయి. అంత డబ్బు పోసి మనం కొనుక్కునేది చల్లదనం అనుకుంటాం. లెక్క వేసి చూస్తే మనం కొనేది ముఖ్యంగా పొడిదనం. చల్లదనం దానికి కొసరు.

ముందు పప్పు సంగతి. జీడిపిక్కను కాల్చినా, ఆవిరికి ఉడికించినా, పెంకు కొట్టి తీసిన పప్పు మీద ఎర్రపొట్టు అంటుకునే ఉంటుంది. దాన్ని వదిలించడానికి పప్పును బోర్మాలో, అంటే వేడిగాలి గదిలో, సుమారు 70 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఆరబెడతారు. పప్పులోని తడి పోయి కాస్త ముడుచుకుంటుంది. పొట్టు విడివడుతుంది. ఎగుమతికి వెళ్ళే పప్పులో తేమ 5 శాతం దాటకూడదు. మరీ ఎండిపోయినా చిక్కే. పొట్టు తీసేటప్పుడు గుళ్ళు కాస్తా బద్దలవుతాయి, బద్దలు ముక్కలవుతాయి. పౌనుకు 180 తూగే పెద్ద గుళ్ళ ధరకూ ముక్కల ధరకూ ఎంత తేడానో కాశీబుగ్గ బజారులో ఏ కొట్టువాడైనా చెబుతాడు. ఆ తేడా చాలావరకు తేమను పట్టుకోవడం తెలిసిన ఆడవాళ్ళ వేళ్ళ మీద ఆధారపడింది.

పప్పు కొరికినప్పుడు వచ్చే ఆ చప్పుడు దాని కణాల గోడలు విరిగే చప్పుడు. గోడలు ఎండి పెళుసుగా ఉంటే ఒక్కసారిగా విరుగుతాయి. గాలిలోంచి నీటి అణువులు వాటిలోకి దూరితే వంగుతాయే తప్ప విరగవు. ఏ తిండి పదార్థమైనా చుట్టూ ఉన్న గాలితో తేమ విషయంలో రాజీకి వచ్చేదాకా ఊరుకోదు. పొడిగాలిలో పెడితే తన తడి ఇచ్చేస్తుంది, చెమ్మగాలిలో పెడితే పుచ్చుకుంటుంది. ఉద్దానంలో వానాకాలపు గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే కాబట్టి పప్పు పుచ్చుకునే వైపే ఉంటుంది. హోటల్ గదిలో తేమ 50, 55 శాతం దగ్గర నిలబడుతుంది. పప్పు అక్కడ క్షేమం.

ఏసీ పుట్టిందే ఇలాంటి అవసరం కోసం, మనుషుల సుఖం కోసం కాదు. 1902లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో సాకెట్ విల్‌హెల్మ్స్ అనే అచ్చుకూటం ఉండేది. వేసవి చెమ్మకు కాగితం సాగేది, ఆరితే ముడుచుకునేది. ఒక రంగు అచ్చువేసి రెండో రంగు వేసేలోగా కాగితం కొలతే మారిపోయి బొమ్మ చెదిరేది. విల్లిస్ కారియర్ అనే పాతికేళ్ళ ఇంజనీరుకు ఆ పని అప్పగించారు. చల్లటి గొట్టాల మీదుగా గాలిని పోనిచ్చి, అందులోని తేమను నీళ్ళుగా రాల్చి, ఏడాది పొడుగునా 55 శాతం దగ్గర నిలబెట్టే ఏర్పాటుకు ఆయన నక్షా గీశాడు. గది చల్లబడడం అందులో దక్కిన అదనపు లాభం. కాగితానికి కుదిరిన వసతిని మనిషి తర్వాత తనకోసం అద్దెకు తీసుకున్నాడు.

ఇప్పుడు లెక్క. మన తీరంలో ఒక ఉక్కపోత రోజు తీసుకుందాం: 32 డిగ్రీల వేడి, 75 శాతం తేమ. అలాంటి గాలి ఒక ఘనమీటరులో దాదాపు 25 గ్రాముల నీరు ఆవిరిగా ఉంటుంది. 24 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉన్న హోటల్ గదిలో అదే ఘనమీటరులో ఉండేది 11 గ్రాములు. మిగతా 14 గ్రాములను ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి. గాలిని 32 నుంచి 24కు దించడానికి ఘనమీటరుకు తొమ్మిది కిలోజౌళ్ళ వేడి తీస్తే చాలు. 14 గ్రాముల ఆవిరిని నీరుగా మార్చాలంటే మాత్రం 34 కిలోజౌళ్ళు తీయాలి. ఆవిరి నీరుగా మారేటప్పుడు, ఎప్పుడో సముద్రం మీద ఎండకు తాను మింగిన వేడినంతా కక్కేస్తుంది. ఆ వేడిని మోసుకుపోవడమే యంత్రానికి అసలు చాకిరీ. అంటే ఆ గాలి మీద యంత్రం పడే కష్టంలో నాలుగింట మూడు వంతులకు పైగా ఆరబెట్టడానికే పోతోంది. రాజస్థాన్‌లో 40 డిగ్రీల ఎండలో ఉన్న హోటల్‌కు వేరే బాధలుంటాయి గానీ ఈ బాధ ఉండదు.

ఈ ఆరబెట్టుడు ఒకసారితో అయిపోయేది కాదు. గదిలో ఇద్దరు ఊపిరి పీల్చాలి, స్నానాలగది ఫ్యాను పాతగాలిని బయటికి తోస్తూ ఉండాలి. దానికి బదులుగా గంటకు యాభై ఘనమీటర్లకు పైచిలుకు కొత్తగాలి లోపలికి రావాలి. ఘనమీటరుకు 14 గ్రాముల చొప్పున గంటకు ముప్పావు లీటరు నీరు పిండాలి. అలాంటి వాతావరణం రోజంతా ఉంటే గదికి 18 లీటర్లు. రెండు వందల గదులుంటే రోజుకు మూడున్నర వేల లీటర్ల పైమాటే. మనం మెత్తటి దుప్పటి కప్పుకుని పడుకుంటే గోడల వెనకాల గొట్టాల్లో ఇంత నీరు ప్రవహిస్తూ ఉంటుంది.

గొట్టాలంటే గుర్తొచ్చింది. ఇంట్లో ఏసీకి గోడ అవతల ఒక పెట్టె వేలాడుతూ హోరుపెడుతుంది కదా, పెద్ద హోటల్లో గదికొక పెట్టె ఉండదు. భవనం అడుగునో మేడ పైనో చిల్లర్లు ఉంటాయి. అవి నీటిని ఏడు డిగ్రీల దాకా చల్లబరిచి అంతస్తులన్నింటికీ పంపుతాయి. గుమ్మం లోపల తలెత్తి చూస్తే ఫాల్స్ సీలింగులో ఒక జాలీ కనిపిస్తుంది. దాని వెనక రాగి గొట్టాల చుట్ట, ఒక ఫ్యాను, కింద ఒక పళ్ళెం. చల్లనీరు చుట్టలోంచి పోతుంది, గది గాలి చుట్ట మీదుగా పోతుంది, గాలిలోని చెమ్మ బొట్లుగా పళ్ళెంలోకి రాలి సన్న గొట్టం గుండా వెళ్ళిపోతుంది. నీరు మాత్రం పన్నెండు డిగ్రీలకు వేడెక్కి చిల్లరు దగ్గరికి తిరిగొస్తుంది. మజ్జిగ గ్లాసుకు చెమట పట్టడం ఎవరికైనా తెలిసిందే. ఇక్కడ జరిగేదీ అదే.

బాల్కనీ తలుపు తీస్తే ఏసీ ఆగిపోతుందని చాలామంది రిసెప్షన్‌కు ఫోన్ చేస్తారు. తలుపు చట్రంలో అయస్కాంతపు మీట ఉంటుంది. కరెంటు ఆదా కోసమని అనుకుంటాం. నాకు అసలు సంగతి చెప్పింది గది బాగుచేయడానికి వచ్చిన సోంపేట వైపు కుర్రాడు. నా మాట విని యాస పట్టేశాడు. "తలుపు తీస్తే ఏసీ ఏడుస్తాది బావూ" అన్నాడు. సముద్రపు గాలి ఒక్కసారిగా లోపలికొస్తే చల్లబడి ఉన్న జాలీలకూ గోడలకూ అద్దాలకూ చెమ్మ పట్టి, పళ్ళెం ఆపలేక, సీలింగులోంచి బొట్లు బొట్లుగా పరుపు మీద పడుతుంది. తర్వాత ఆ తడిలో బూజు. బూజు వాసన ఒకసారి తివాచీకి పట్టిందంటే ఎన్ని అగరు నూనెలు చల్లినా పోదు, ఆ గది అద్దెకు పనికిరాదు. అతని మాటను వాతావరణశాస్త్రంలో చెప్పాలంటే, ఆ గాలి మంచుబిందు ఉష్ణోగ్రత 25 నుంచి 27 డిగ్రీలు. అంతకంటే చల్లగా ఉన్న ఏ వస్తువు తగిలినా అందులోని ఆవిరి నీరైపోతుంది. బయట కాలుపెట్టగానే కళ్ళద్దాలు మసకబారడం, పొద్దున్నే కిటికీ అద్దానికి బయటివైపు చెమ్మ పట్టడం అందుకే. ఆ చెమ్మను లోపల్నుంచి తుడవబోయి, పోక, విసుక్కున్నవాళ్ళు ఎంతమందో.

పిండిన వేడి ఎటు పోతుంది? చాలా పెద్ద భవనాల్లో మేడ మీది కూలింగ్ టవర్లకు. అక్కడ వేడెక్కిన నీటిని జల్లుగా కురిపిస్తూ గాలిని ఊదుతారు. కొంత నీరు ఆవిరై మిగతా నీటిని చల్లబరుస్తుంది. అంటే కింద గదుల్లో గాలిలోంచి నీరు తీస్తున్నాం, పైన నీటిని గాలిలోకి వదులుతున్నాం. ఒక టన్ను చలికి గంటకు ఆరేడు లీటర్లు ఇలా ఎగిరిపోతాయి. వంద టన్నుల యంత్రం పూర్తి జోరు మీద ఇరవై గంటలు నడిస్తే 13 వేల లీటర్లు. జలజీవన్ మిషన్ పల్లెలో మనిషికి రోజుకు ఇవ్వాలనుకున్నది 55 లీటర్లు. ఆ లెక్కన అది రెండు వందల ముప్పై మందికి పైగా సరిపోయే నీరు. చాలాచోట్ల వాడేసిన నీటినే శుద్ధిచేసి టవర్లకు పంపుతారు, అది మంచి పద్ధతి. కానీ హిరమండలం జలాశయం నుంచి గొట్టాలు వేసి ఉద్దానం ఏడు మండలాలకు తాగునీరు తెచ్చిన పథకం 2023 డిసెంబరులో గానీ ప్రారంభం కాలేదని తెలిసినవాడికి ఆ టవరు మీది ఆవిరి వేరుగా కనిపిస్తుంది.

టవరుకు ఇంకో కథ కూడా ఉంది, హోటల్ చరిత్రలో కెల్లా భయంకరమైనది. 1976 జూలైలో ఫిలడెల్ఫియాలో బెల్వ్యూ స్ట్రాట్‌ఫర్డ్ అనే ఘనమైన పాత హోటల్లో అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం మహాసభ జరిగింది. ఇళ్ళకు వెళ్ళాక ఒక్కొక్కరే జ్వరంతో, న్యుమోనియాతో పడిపోయారు. 221 మందికి జబ్బు చేసింది, 34 మంది పోయారు. విషమన్నారు, కుట్ర అన్నారు. 1977 జనవరిలో జోసెఫ్ మెక్‌డేడ్ అనే శాస్త్రవేత్త అప్పటిదాకా పేరు లేని ఒక బాక్టీరియాను పట్టుకున్నాడు. దానికి ఆ సంఘం పేరు మీదనే లీజియొనెల్లా అని పేరొచ్చింది. గోరువెచ్చటి నీరు నిలవ ఉంటే అది పెరుగుతుంది, సన్నటి తుంపరలో ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. అనుమానం ఏసీ వ్యవస్థ మీదికి, కూలింగ్ టవరు మీదికి వెళ్ళింది. అప్పటికే, 1976 నవంబరులోనే, హోటల్ మూతపడింది. ఇప్పుడు టవరు నీటిలో మందులు కలపడం, వేడినీళ్ళను తొట్టెలో 60 డిగ్రీల దగ్గర ఉంచడం, ఎవరూ దిగని గదుల్లో కూడా కొళాయిలు తిప్పి వదలడం హోటల్ పనిలో భాగమయ్యాయి. చాలా రోజులు మూసి ఉన్న గదిలో దిగితే షవరు కాసేపు వదిలేసి తర్వాత కింద నిలబడడం మనకూ మంచిది.

ఇంతా చేసి ఒంటికి ఏం దక్కుతుంది? చెమట పట్టడం సుఖం కాదు, చెమట ఆరడం సుఖం. ఒక లీటరు చెమట ఆరితే ఒంట్లోంచి దాదాపు 2,400 కిలోజౌళ్ళ వేడి పోతుంది. గాలి అప్పటికే తడితో నిండి ఉంటే చెమట ఆరదు, కారుతుంది. కారిన చెమట వృథా. ఒళ్ళు నీరూ ఉప్పూ పోగొట్టుకుంటుంది, వేడి మాత్రం లోపలే ఉంటుంది. గుడ్డ తడిపి చుట్టిన థర్మామీటరు చూపించే తడిబల్బు ఉష్ణోగ్రత 35 దాటితే ఆరోగ్యవంతుడు కూడా తట్టుకోలేడని 2010లో షెర్‌వుడ్, హ్యూబర్ అనే శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. పెన్సిల్వేనియాలో యువతీయువకుల మీద పరీక్షించి 2022లో ప్రచురించిన ఫలితాల్లో ఆ హద్దు 31 దగ్గరే కనిపించింది. మనం పైన లెక్కకు తీసుకున్న రోజున తడిబల్బు 28. హద్దుకు మూడు డిగ్రీల దూరంలో జీడితోటలో గొప్పు తవ్వేవాళ్ళు, కొబ్బరి దించేవాళ్ళు రోజంతా పనిచేస్తారు.

ఉద్దానం పెద్దల్లో అయిదారుగురిలో ఒకరికి కిడ్నీ జబ్బు ఉందని సర్వేలు తేల్చాయి. చక్కెర వ్యాధి, రక్తపోటు లాంటి మామూలు కారణాలు లేనివారిలోనూ వస్తోంది. నీటిలోని సిలికా, లోహాలు, పురుగుమందులు ఇలా చాలా వాటిని వెతికారు. మధ్య అమెరికా చెరకుతోటల కూలీల్లో ఇలాంటి జబ్బే ఉంది. అక్కడ ఎండలో పని, మళ్ళీ మళ్ళీ ఒళ్ళు ఎండిపోవడం ముఖ్య కారణాలుగా చూస్తున్నారు. ఇక్కడ ఏ ఒక్క కారణమూ ఇంకా రుజువు కాలేదు గనక ఉక్కపోతే నిందితుడని నేను అనను. అనుమానితుల జాబితాలో అది ఉందని, ఆ పని చేసేవాడికి నీడా నీరూ విరామమూ ఇవ్వడానికి తుదితీర్పు దాకా ఆగక్కర్లేదని మాత్రం అంటాను.

హోటల్ గదిలో నిద్ర మాటేమిటి? నిద్రపట్టే ముందు ఒళ్ళు అరచేతుల్లోంచి, పాదాల్లోంచి వేడి వదిలి లోపలి ఉష్ణోగ్రతను తగ్గించుకుంటుంది. ఉక్కలో అది కుదరక గాఢనిద్ర తగ్గి మాటిమాటికీ మెలకువ వస్తుంది. ఆ లెక్కన హోటల్ గదిలో మొద్దునిద్ర పట్టాలి. కానీ మొదటి రాత్రి చాలామందికి పట్టదు. తలగడ ఎత్తనీ, పరుపు మెత్తనీ నింద వేస్తాం. తప్పు పరుపుది కాదు. నిద్ర ప్రయోగశాలల్లో మొదటి రాత్రి కొలతలు చెడిపోతాయని 1960ల నుంచే తెలుసు. 2016లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో మసాకో తమాకి, యుకా ససాకి బృందం ఆ రాత్రి మెదడు ఏం చేస్తోందో చూసింది. కొత్తచోట మెదడు ఎడమ అర్ధభాగం కుడిభాగమంత గాఢంగా నిద్రపోవడం లేదు. కుడిచెవిలో చిన్న చప్పుడు చేస్తే ఎడమభాగం గట్టిగా స్పందించింది, మనిషి త్వరగా లేచాడు. ఒక కన్ను తెరిచి నిద్రపోయే డాల్ఫిన్లు, పక్షులు చేసే కాపలా పని మనలో ఇంకా కాస్త మిగిలి ఉందన్నమాట. అదే చోట రెండోసారి పడుకున్నప్పుడు ఆ తేడా మాయమైంది. అందుకే వారాంతపు హోటల్ బస ఒక రకంగా నష్టపు బేరం. మెదడు గదిని నమ్మేసరికి ఖాళీ చేయాల్సిన వేళవుతుంది.

ఈ పొడిదనమంతా కరెంటు తీగ మీద నిలబడింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు నగరంలో చాలా భాగం రోజుల తరబడి చీకట్లో ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలికి జీడిచెట్లు, కొబ్బరిచెట్లు లక్షల్లో కూలాయి, ఊళ్ళకు ఊళ్ళు వారం పైగా కరెంటు లేకుండా గడిపాయి. కిటికీలు తెరుచుకోని అద్దాల భవనంలో చిల్లరు ఆగితే లోపలి గాలి కొన్ని గంటల్లోనే బయటి గాలికంటే హీనమవుతుంది. అందుకే పెద్ద హోటళ్ళు లారీ అంత జనరేటర్లు పెట్టుకుంటాయి. ఉత్తరాంధ్ర తీరంలో ఒకప్పుడు కట్టిన చుట్టిళ్ళకు ఆ బాధ లేదు. గుండ్రటి మట్టిగోడ గాలివానను పక్కకు జారవిడిచేది, కిందికి దిగిన తాటాకు కప్పు ఎండను ఆపేది. తేమను అవి తీసేవి కావు, ఆ మాట నిజమే. చుట్టిల్లు సుఖంగా ఉండేదని ఇప్పుడు రాసేవాళ్ళలో ఆగస్టులో అందులో పడుకున్నవాళ్ళు ఎందరో నాకు అనుమానమే.

హోటల్ నుంచి వచ్చాక చాలామంది చేసే పని ఇంటికి పెద్ద ఏసీ కొనడం. పది పన్నెండు అడుగుల గదికి రెండు టన్నులది బిగిస్తారు. రెండు నిమిషాల్లో జివ్వుమంటుంది, అనుకున్న అంకె రాగానే కంప్రెసరు ఆగిపోతుంది. చుట్ట మీద చెమ్మ ఇంకా పళ్ళెంలోకి జారకముందే ఫ్యాను దాన్ని మళ్ళీ గదిలోకి ఊదేస్తుంది. గది చల్లగా, జిగటగా ఉంటుంది. అప్పుడు రిమోటు మీద 18 నొక్కి దుప్పటి కప్పుకుంటారు. నిజానికి ఆ గదికి ఒక టన్ను చాలు. అది ఆగకుండా ఎక్కువసేపు నడుస్తుంది కాబట్టి తేమను బాగా పిండుతుంది. 2020 జనవరి నుంచి దేశంలో అమ్మే ఏసీలు ఆన్ చేయగానే 24 చూపించాలని కేంద్రం నియమం పెట్టింది. తేమ తగ్గిన గదిలో 26 పెట్టి సీలింగు ఫ్యాను నెమ్మదిగా తిప్పినా ఒంటికి అంతే హాయి, కరెంటు బిల్లు తక్కువ. రిమోటు మీద నీటిబొట్టు గుర్తున్న మీట ఒకటి ఉంటుంది, ఎవరూ నొక్కరు. ఫ్యాను వేగం తగ్గించి గాలిని చుట్ట మీద ఎక్కువసేపు నిలిపి తేమను రాల్చే పని దానిది. ఎండ పెద్దగా లేక ఉక్క మాత్రం ఉన్న సెప్టెంబరు రాత్రులకు దాన్నే పెట్టారు, ముందు దాన్ని నొక్కి చూడండి.